అమ్మమ్మ జీవితాన్ని ఎలా రాసి ఉంచుకోవాలి?

ప్రశ్న: మా అమ్మమ్మ తొంభై నాలుగేళ్లు జీవించి ఇటీవలే కన్నుమూశారు. తాతగారి ఉద్యోగరీత్యా కొన్ని దేశాలు, ఆయన పోయాక ఒంటరిగా మరికొన్ని దేశాలు తిరిగిన మనిషి. ఎక్కడున్నా మనవలందరికీ కార్డులు రాసేవారు. ఆ కార్డులు, గడువు తీరిన పాస్‌పోర్టులు, ఫొటోలు, ఆమె గొంతు ఉన్న రెండు క్యాసెట్లు ఒక పెట్టెలో ఉన్నాయి. కుటుంబం కోసం ఆమె జీవితాన్ని రాద్దామని కూర్చుంటే అది చూసిన ఊళ్ల జాబితాలా తయారవుతోంది. పైగా ఒకే సంఘటనను పిన్ని ఒకలా, మేనమామ మరొకలా చెబుతున్నారు. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు

జవాబు: ఆమెను దగ్గరగా ఎరిగినవారు మీ చుట్టూ ఉండగానే ఈ పనికి పూనుకున్నందుకు సంతోషం.

రాత జాబితాగా మారుతున్నదంటే, ప్రయాణాలను కుటుంబం నుంచి విడదీసి చూస్తున్నారేమో గమనించుకోండి. పరాయి దేశంలో రోజంతా తిరిగి వచ్చి, ఏ మనవడికి ఏం రాయాలా అని ఆలోచిస్తూ కూర్చున్న మనిషికి ఆ రెండూ వేర్వేరు విషయాలై ఉండవు. అందుచేత కార్డులతోనే మొదలుపెట్టండి. ఒకే ప్రయాణంలో వేర్వేరు పిల్లలకు రాసినవాటిని పక్కపక్కన పరచి చదవండి. ఒకరికి తానెక్కిన ఓడ గురించి, మరొకరికి రాబోయే పరీక్షల గురించి, అప్పుడే అక్షరాలు నేర్చినవాడికి పెద్ద పెద్ద అక్షరాలతో రెండే మాటలు రాసి ఉండవచ్చు. ఎవరికి ఏది చెప్పాలో ఆమె ఎంచుకున్న తీరును ఉన్నదున్నట్టు చూపితే, కుటుంబమంటే ఆమెకు ప్రాణమని మీరు విడిగా రాయనక్కరలేదు.

తేదీలకు పాస్‌పోర్టులోని రాకపోకల ముద్రలు, కార్డుల మీది తపాలా ముద్రలు మంచి ఆధారాలు. తపాలా ముద్ర కార్డు రాసిన రోజును చెప్పదు కనుక కొద్ది రోజుల తేడా కనిపిస్తే కంగారుపడకండి.

క్యాసెట్ల విషయంలో మాత్రం ఆలస్యం వద్దు. టేపు కాలంతో పాడవుతుంది. వెంటనే డిజిటల్‌లోకి మార్పించి, కాపీలను రెండు వేర్వేరు చోట్ల దాచండి. ఫొటోల వెనుక పేర్లను బాల్‌పెన్నుతో కాక మెత్తని పెన్సిల్‌తో, అంచున తేలికగా రాయండి. వాటిని జిగురు పేజీల ఆల్బమ్‌లలో పెట్టకండి.

పెద్దవయసువారిని తమ జీవితం గురించి అడిగితే, సుమారు పది నుంచి ముప్ఫై ఏళ్ల వయసులో జరిగిన సంగతులనే ఎక్కువగా తలచుకుంటారని మనస్తత్వ పరిశోధనలు పదేపదే చూపాయి. కాబట్టి ఆమె నోట విన్న కథల్లో యౌవనం పాలు ఎక్కువై, పిల్లలను పెంచిన నడివయసు పలచగా కనిపించవచ్చు. ఆ భాగాన్ని చెప్పగలిగినవారు మీ పిన్ని, మేనమామలే. వారి మాటలు పొసగనంత మాత్రాన ఎవరో ఒకరు అబద్ధమాడుతున్నారని కాదు. దాచిన వస్తువును బయటికి తీసినట్టు మనం జ్ఞాపకాన్ని తీయమని, తలచుకున్న ప్రతిసారీ దాన్ని కొంత కొత్తగా కట్టుకుంటామని బ్రిటిష్ మనస్తత్వవేత్త ఫ్రెడరిక్ బార్ట్‌లెట్ 1932లోనే వివరించారు. ఇద్దరినీ మొదటే ఒకచోట కూర్చోబెడితే, గట్టిగా చెప్పేవారి కథే రెండోవారి జ్ఞాపకంలోకీ చేరిపోతుంది. అందుకే ముందు విడివిడిగా కలిసి, వారి అనుమతితో రికార్డు చేసుకోండి. ముద్రలు తేల్చగలిగిన తేదీని తేల్చేయండి. అవి తేల్చలేనిచోట రెండు కథనాలనూ, చెప్పినవారి పేర్లతో సహా, అలాగే ఉంచండి. తల్లి కూతురికి కనిపించినట్టే కొడుక్కీ కనిపించాలని లేదు కదా!

ఆమె దూరాన ఉన్న రోజుల్లో ఇంట్లో ఎవరైనా చిన్నబుచ్చుకుని ఉంటే, ఆ సంగతినీ, వారు ఒప్పుకుంటే, దాచకుండా రాయండి. అంత దూరం నుంచి అన్ని కార్డులు ఎందుకు వచ్చేవో అప్పుడు చదివేవారికి తెలుస్తుంది.

మొదటి ప్రతి సిద్ధం కాగానే పిన్నికీ మేనమామకూ చదివి వినిపించండి. రికార్డరు పక్కనే ఉంచుకోండి, మధ్యలో వారు ఆపి చెప్పేవాటిలో చాలా భాగం రెండో ప్రతిలోకి వెళ్లవలసినవే అయి ఉంటాయి.