ముందు పిల్లలకు పని చూపించు

బిడ్డా,

తొమ్మిది, పది తరగతుల పిల్లలకు కెరీర్ గైడెన్స్ బాధ్యత నీకు అప్పగించారు కదా, ఎవరైనా మోటివేషనల్ స్పీకర్‌ని పిలుద్దామా అని అడిగావు. వద్దు. గంటసేపు చప్పట్లు కొట్టి సాయంత్రానికి మర్చిపోతారు. ఆ పూట పిల్లల్ని ఏదైనా పని జరిగే చోటికి తీసుకెళ్లు.

మన పిల్లలకు తెలిసింది ఎంపీసీ, బైపీసీ, ఆ తర్వాత అమీర్‌పేటలో కోచింగ్. ఇంకోటి కళ్లతో చూసింది లేదు మరి. హైదరాబాద్ బాలానగర్‌లో లోహాన్ని తిప్పుతూ చెక్కే లేత్ యంత్రం మీద పనిచేసే మనిషి దగ్గర అరగంట నిలబెట్టు. షాఫ్ట్‌ని, అంటే యంత్రంలో తిరిగే కడ్డీని, మైక్రోమీటర్ అనే సన్నని కొలతల పరికరంతో కొలిచి, మిల్లీమీటర్‌లో నూరోవంతు తేడా వచ్చినా ఒక్కోసారి ఎందుకు పక్కన పడేయాల్సి వస్తుందో ఆయన్నే చెప్పమను, ఆ మైక్రోమీటర్ పిల్లల చేతికి ఇప్పించు. దశాంశాలంటే విసుక్కునే పిల్లాడు కూడా అక్కడ కళ్లు చికిలించి గీతలు లెక్కపెడతాడు, పనిముట్లు, అచ్చులు తయారుచేసే టూల్‌రూమ్‌లో పనిచేసినన్నాళ్లూ చూశాను. దగ్గర్లోనే సీఐటీడీ (సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్) ఉంది, 1968లో పెట్టిన కేంద్ర ప్రభుత్వ సంస్థ. పది పాసైన పిల్లలు అక్కడ ఆ పనిముట్లు, అచ్చుల తయారీ నేర్పే టూల్ అండ్ డై డిప్లొమాలో చేరొచ్చన్న సంగతి చాలామంది తల్లిదండ్రులకు తెలియదు, పిల్లలతో పాటు ఒకరిద్దరు తల్లుల్ని కూడా రమ్మను.

ఒక్కసారికి ఏడెనిమిది మంది చాలు. చున్నీలు బిగించి కట్టుకోవాలి, చెప్పులు కాదు బూట్లు వేసుకోవాలి, హెచ్ఎం సంతకంతో పాటు ఇంటి నుంచి అనుమతి కాగితం ఉండాలి. వెళ్లేది చూడ్డానికే. 14 ఏళ్లలోపు పిల్లలతో పని చేయించడం నేరం, 18 నిండేదాకా ప్రమాదకరమైన పనుల్లో పెట్టకూడదు, అది ఓనర్‌కి ముందే చెప్పు. మగపిల్లల్ని లేత్ దగ్గరికి, ఆడపిల్లల్ని కుట్టు మిషన్ దగ్గరికి అని మాత్రం విడదీయకు, నాకు చాలా కోపం వస్తుంది.

ప్రశ్నలు పిల్లలే రాసుకోవాలి. మొదటి జీతం ఎంత, ఏం చదివారు, సాయంత్రానికి ఒళ్లు ఎక్కడ నొప్పెడుతుంది, ఈ పనిలో మీకు నచ్చనిదేంటి, ఇలాంటివి. ఎలక్ట్రీషియన్, నర్సు, టైలర్ మీ పిల్లల ఇళ్లలోనే ఉంటారు, వాళ్లను క్లాసుకి పిలిచి కుర్చీ వేసి కూర్చోబెట్టు. నాన్న చేసే పని గురించి క్లాసంతా నోరు తెరుచుకుని వింటుంటే ఆ పిల్లాడి మొహం చూడు.

"డిప్లొమా అంటే ఇక ఇంజనీరింగ్ లేనట్టేనా" అని తండ్రులు టెన్షన్ పడతారు. పాలిటెక్నిక్ ప్రవేశ పరీక్ష పాలిసెట్ రాసి మూడేళ్ల డిప్లొమా చేసి, ఆ డిప్లొమా వాళ్లకు పెట్టే ఈసెట్ పరీక్షలో ర్యాంకు వస్తే నేరుగా బీటెక్ రెండో ఏడాదిలో చేరొచ్చని బోర్డు మీద గీసి చూపించు. ఐటీఐ చేసినవాళ్లకు అప్రెంటిస్‌షిప్‌లో స్టైపెండ్ వస్తుందని కూడా చెప్పు.

ఇంకోటి, చిన్నదనిపిస్తుంది గానీ కాదు. పదో తరగతి నామినల్ రోల్స్, అంటే పరీక్ష రాసే పిల్లల వివరాల జాబితా, బోర్డుకి వెళ్లకముందే ప్రతి పిల్లాడి పేరు, ఇంటిపేరు, పుట్టిన తేదీ ఆధార్‌తో సరిపోతున్నాయో లేదో పక్కన కూర్చుని చూడు. ఒక్క అక్షరం తేడా ఉంటే ఉద్యోగంలో చేరే రోజున ఆఫీసుల చుట్టూ తిరగాలి.

మొదటి బ్యాచ్‌కి తేదీ చూసి ఫోన్ చెయ్యి, వర్క్‌షాప్ వాళ్లతో ముందు రోజే నేను వెళ్లి మాట్లాడి వస్తాను.

మీ పెద్దనాన్న