బుషింగ్ మార్చే ముందు ఇత్తడి సంగతి చూడు

చిన్నా,

రాత్రి ఫోన్లో నువ్వు చెప్పింది బుర్రలో తిరుగుతూనే ఉంది, అందుకే కాఫీ తాగి కూర్చుని రాస్తున్నాను. రైఫిల్‌కి నువ్వు ఇంట్లో తయారు చేసుకున్న తూటాలు 100 గజాల దగ్గర అన్నీ ఒకచోటే పడుతున్నాయి, 600 గజాలకి వెళ్తే మాత్రం పైకీ కిందికీ పరుచుకుంటున్నాయి, క్రోనోగ్రాఫ్‌లో (వేగం కొలిచే పనిముట్టు) బుల్లెట్ వేగం ఒక్కో షాట్‌కి ఒక్కోలా ఉంది, అందుకని ఇత్తడి కేస్ మూతి (నెక్) బుల్లెట్‌ని పట్టుకునే బిగువు పెంచుదామని, ఆ నెక్‌ని బయటినుంచి కుదించే బుషింగ్ రింగు ఇంకా చిన్నది ఆర్డర్ పెట్టానన్నావు కదా. అది వచ్చినా ఇప్పుడే డైలో (కేస్‌ని కొలతకి నొక్కే అచ్చు) వేయకు. నీ దగ్గర బిగువు తక్కువై ఈ తిప్పలు రావడం లేదని నా అనుమానం. ఒక్కో కేస్ బుల్లెట్‌ని ఒక్కోలా పట్టుకుంటోంది. ఆ తేడా పోనంతవరకు ఎంత చిన్న బుషింగ్ వేసినా అంతే.

ముందు ఒక జాగ్రత్త. నువ్వు టెక్సాస్‌లో ఉన్నావు కాబట్టి గరాజ్‌లో ప్రెస్ పెట్టుకుని చేసుకుంటున్నావు. ఇక్కడ తూటాలు తయారు చేయాలంటే 1959 ఆయుధ చట్టం కింద లైసెన్సు ఉండాలి. సంక్రాంతికి బెంగళూరు వచ్చేటప్పుడు రేంజ్‌కి తీసుకెళ్ళే బ్యాగు తేవద్దు, దాని అడుగున ఒక్క ఖాళీ కేస్ పడి ఉన్నా ఎయిర్‌పోర్టులో మీ అమ్మా నాన్నా బయట నిలబడి ఏడవాల్సి వస్తుంది.

ఇక విషయానికొస్తాను. బెంగళూరు పీణ్యాలో నేను డైలు చేసే రోజుల్లో బోర్‌లోకి బుష్ నొక్కేవాళ్ళం, బుష్ కొంచెం లావు, బోర్ కొంచెం సన్నం, ఆ తేడాయే దాన్ని పట్టి ఉంచేది. నెక్ టెన్షన్, అంటే నేను బిగువు అంటున్నది, కూడా అదే. తర్వాత ఒహాయోలో ఉన్నన్నాళ్ళూ శని ఆదివారాలు నీలాగే .308 తూటాల రీలోడింగ్ (పేల్చిన కేస్‌లని మళ్ళీ నింపడం) చేశాను కాబట్టి ఆ లెక్కే చెప్తాను. బుల్లెట్ 0.308 అంగుళం, నెక్ గోడ మందం 14 థౌ (థౌ అంటే అంగుళంలో వెయ్యోవంతు) అయితే బుల్లెట్ కూర్చున్నాక నెక్ బయటి కొలత 0.336 వస్తుంది. సైజింగ్ (డైలో కుదించడం) అయ్యాక, బుల్లెట్ పెట్టకముందు అదే నెక్ 0.334 ఉంటే నీ బిగువు 2 థౌ, అంటే 50 మైక్రాన్లు. చాలామందికి ఇది చాలు. 3, 4 థౌ దాటిస్తే పట్టు ఇంకా పెరుగుతుందనుకుంటారు, కానీ అక్కడికి ఇత్తడి సాగిపోతుంది, బుల్లెట్టే నెక్‌ని వెడల్పు చేసుకుంటూ దిగుతుంది తప్ప నీకు ఒరిగేదేమీ ఉండదు.

ఇంత చిన్న తేడాని నువ్వు డిజిటల్ కాలిపర్‌తో కొలుస్తున్నావు. 2 థౌ కొలవడానికి 1 థౌ అటూ ఇటూ చూపించే పనిముట్టు ఎలా సరిపోతుంది? మీ నాన్న బీరువాలో నేనిచ్చిన మిటుటోయో మైక్రోమీటర్ ఉంది, ఈసారి వచ్చినప్పుడు అది పట్టుకెళ్ళు.

అసలు సంగతి ఇత్తడి గట్టిదనంలో ఉంది. నా చిన్నప్పుడు శ్రీకాకుళం దగ్గర బుడితిలో కంచరివాళ్ళు బిందెలు కొట్టడం గంటల తరబడి చూసేవాణ్ణి. సుత్తి దెబ్బ పడేకొద్దీ రేకు గట్టిపడి ఇక మాట వినదు, అప్పుడు కొలిమిలో కాచి మళ్ళీ కొట్టేవాళ్ళు. కాచకుండా కొడితే పగిలేది. నీ కేస్‌లు కూడా అదే ఇత్తడి జాతి, 70 పాళ్ళు రాగి, 30 పాళ్ళు జింకు. పేల్చిన ప్రతిసారీ నెక్ వెడల్పవుతుంది, సైజింగ్ చేసిన ప్రతిసారీ కుంచించుకుంటుంది, గట్టిపడుతూ పోతుంది. గట్టి ఇత్తడి డైలోంచి బయటికి రాగానే ఎక్కువగా వెనక్కి విచ్చుకుంటుంది, మెత్తది తక్కువ. నువ్వేమో రెండుసార్లు పేల్చినవీ, ఆరుసార్లు పేల్చినవీ ఒకే డబ్బాలో పోశానన్నావు. ఒకే బుషింగ్‌లోంచి వచ్చినా అవి ఒకే కొలతలో ఉండవు, కొలత కలిసినా పట్టు కలవదు. ఇవాళే వేరు చెయ్యి. ఒకే లాట్‌వి, అన్నీ ఒకే లెక్కలో పేల్చినవి ఒక డబ్బాలో పెట్టి, మూతమీద ఎన్నిసార్లో రాసుకో.

తర్వాత అనీలింగ్, అంటే ఇత్తడిని కాచి మళ్ళీ మెత్తబరచడం. వీలైతే ప్రతిసారీ చెయ్యి, లేదంటే అన్నిటికీ కలిపి ఒకేసారి చెయ్యి, సగానికి చేసి సగం వదిలేస్తే ముందున్న దానికన్నా అధ్వానం. వేడి నెక్‌కీ, దాని కిందుండే కేస్ భుజానికీ మాత్రమే తగలాలి. ప్రైమర్ (పౌడర్‌కి నిప్పంటించే టోపీ) ఉండే అడుగుభాగం మెత్తబడితే ఆ కేస్ పారెయ్యి నాన్నా, .308లో పీడనం 62,000 పీఎస్ఐ వరకు వెళ్ళొచ్చు, దాన్ని ఆపేది ఆ గట్టి అడుగే, నీ కన్ను దానికి ఒక జానెడు దూరంలో ఉంటుంది.

నా చేతిలో జరిగింది ఒకటి చెప్తాను. ఒక ఏడాది స్టీల్ పిన్నులు వేసి నీళ్ళలో టంబ్లింగ్ (కేస్‌లని డ్రమ్ములో తిప్పి శుభ్రం చేయడం) మొదలుపెట్టాను. కేస్‌లు పెళ్ళికి తోమిన బిందెల్లా మెరిశాయి, ఎంత సంబరపడ్డానో. బుల్లెట్ కూర్చోబెడుతుంటే ఒకటి మెత్తగా దిగింది, రెండోది మధ్యలో కీచుమని ఆగి, హ్యాండిల్ గట్టిగా నొక్కితే ఒక్కసారిగా జారింది. ఆ రోజు 600 గజాల టార్గెట్ నీది లాగే ఉంది. పౌడర్ మార్చాను, ప్రైమర్ మార్చాను, రెండు నెలలు పోయాయి. చివరికి తేలిందేమిటంటే, నెక్ లోపల సన్నటి మసి పొర ఉంటుంది కదా, బుల్లెట్ నున్నగా దిగడానికి అదే ఆధారం, పిన్నులు దాన్ని పూర్తిగా గీకేశాయి. అప్పట్నుంచి నెక్ లోపల నైలాన్ బ్రష్ ఒకట్రెండుసార్లు ఆడించి వదిలేస్తాను. మరీ శుభ్రమైపోతే పొడి గ్రాఫైట్‌లో నెక్ ముంచి దులుపుతాను.

నీ డైలో ఎక్స్‌పాండర్ బాల్ (నెక్‌ని లోపలినుంచి వెడల్పు చేసే గుండు) ఉంటే తీసెయ్యి. బయటికి వచ్చేటప్పుడు నెక్‌ని లాగుతుంది, లూబ్ లేకపోతే వంకర కూడా చేస్తుంది. బుషింగ్‌తో కొంచెం ఎక్కువ కుదించి, చివర్లో 0.306 అంగుళం మాండ్రెల్ (నున్నటి కడ్డీ) నెక్ లోపలికి దించు. గోడలో ఉన్న ఎగుడుదిగుడు బయటి వైపుకి పోతుంది, బుల్లెట్ తగిలే లోపలి వైపు గుండ్రంగా వస్తుంది. ఇత్తడి కొంచెం వెనక్కి వస్తుంది కాబట్టి ఆ తర్వాత కొలిచి చూసుకో. ట్రిమ్మింగ్ (పొడవు కత్తిరించడం), చాంఫర్ (మూతి అంచు వాలుగా గీకడం) సంగతి నీకు తెలిసిందే, పొడవులు ఒకటిగా ఉంచు. నెక్ టర్నింగ్ (గోడ మందం సమం చేయడానికి నెక్‌ని బయట చెక్కడం) జోలికి ఇప్పుడే పోకు, అది మంచి కేస్‌లు కొంటే చాలావరకు తప్పే పని.

ఒక్కటి మాత్రం నా మాట విను. బిగువు మారితే పీడనం కూడా మారొచ్చు. ఇప్పుడు వాడుతున్న పౌడర్ తూకం మాన్యువల్ గరిష్ఠానికి దగ్గర్లో ఉంటే, కిందికి దిగి మళ్ళీ మెల్లగా పైకి రా.

ఈ వారం 20 కేస్‌లు చాలు. అన్నీ ఒకే వయసువి, ఒకేసారి అనీల్ చేసి, మాండ్రెల్ వేసి, సైజింగ్ అయిన రోజే బుల్లెట్లు కూర్చోబెట్టు. హ్యాండిల్ మీద చెయ్యి తేడా చెప్పిన వాటిని పక్కన పెట్టు, పారెయ్యకు, వాటిని విడిగా పేల్చి వేగం రాసుకో. రెండు గుంపుల వేగాలు రాసిన కాగితాలూ ఫోటో తీసి పంపు, శనివారం రాత్రి మీకు పొద్దున అవుతుంది కాబట్టి అప్పుడు ఫోన్ చేస్తాను.

మీ పెదనాన్న
బసవేశ్వరనగర్, బెంగళూరు