పిల్లలతో మ్యూజియంకి వెళ్లే ముందు

అమ్మడూ,

ఆదివారం పిల్లలిద్దర్నీ మీ ఊరి మ్యూజియంకి తీసుకెళ్తున్నామని చెప్పావు, చాలా సంతోషమేసింది. నాలుగేళ్ల బాబుతో, ఏడేళ్ల పాపతో ఎట్లా వేగాలని అడిగావు కదా. ఫోన్లో సగమే చెప్పాను, మిగతాది ఇక్కడ రాస్తున్నాను.

టికెట్ కొన్నాం కాబట్టి అన్ని గదులూ తిరగాలని మాత్రం పెట్టుకోకు. ఒక్క గది చాలు, మహా అయితే రెండు. పెద్దవాళ్లకే కాసేపు తిరిగేసరికి కాళ్లు పీకుతాయి, కళ్లు బరువెక్కుతాయి. బోస్టన్ మ్యూజియంలో పనిచేసిన గిల్మన్ అనే ఆయన ఈ అలసట గురించి 1916లోనే వ్యాసం రాశాడు. అద్దాల పెట్టెల్లోని వస్తువుల్ని సరిగ్గా చూడాలంటే మనిషి ఎన్ని రకాలుగా వంగాలో, ఎంత కిందికి కూర్చోవాలో ఫోటోలు తీయించి మరీ చూపించాడు. పెద్దవాళ్ల అవస్థే అదైతే ఇక చిన్నవాడి సంగతి ఆలోచించు. నీకు చక్కగా కనిపించే పళ్లెం, వాడి ఎత్తుకి అంచు మాత్రమే కనిపిస్తుంది, లేదా అద్దం మీద లైటు మెరుపు కనిపిస్తుంది. అందుకే ఎక్కడ ఆగినా ఒకసారి వాడి పక్కన గొంతుక్కూర్చుని చూడు. నీకూ కనపడకపోతే వాణ్ని ఎత్తుకో. విసుగని మనం అనుకునేది చాలాసార్లు ఏమీ కనపడకపోవడమే.

ఏ గదికి వెళ్లాలో పాపనే ఎంచుకోనివ్వు. ముందురోజు మ్యూజియం వెబ్‌సైట్‌లో ఫోటోలు చూపిస్తే, అక్కడికెళ్లాక "అదిగో, అదే!" అని తనే వెతుక్కుంటుంది. ఆదివారం ఎన్నింటికి తెరుస్తారో కూడా అప్పుడే చూసుకో. తెరవగానే వెళ్తే జనం తక్కువ, పిల్లలూ హుషారుగా ఉంటారు.

వాళ్లు ఏదైనా పాత మట్టికుండ దగ్గర ఆగారనుకో, వెంటనే పక్కనున్న బోర్డు చదివి వినిపించకు. "దీనిమీద గుంటలు చూశావా, ఎలా పడ్డాయంటావ్?" అని అడుగు. చేసినవాళ్ల వేలిముద్రలు, గోటి నొక్కులు పచ్చిమట్టిలో పడి, కాల్చాక అలాగే నిలిచిపోయిన కుండలు చాలా ఉంటాయి. ఆ మాట చెబితే పిల్లలు తమ వేళ్లు గాల్లో పెట్టి కొలుచుకుంటారు. ఎవరు చేశారు, ఎప్పుడు చేశారు అని వాళ్లే అడుగుతారు. బోర్డు అప్పుడు చదువు. వేల ఏళ్ల లెక్క బాబుకి అర్థం కాదు, "తాతయ్యకి తాతయ్య కూడా పుట్టకముందు" అంటే చాలు.

"ముట్టుకోవద్దు" అని అడుగడుగునా కేకలేస్తే ఇంటికొచ్చాక వాళ్లకి ఆ కేకలే గుర్తుంటాయి. లోపలికి వెళ్లకముందే కారణం చెప్పు. మన వేళ్ల చెమటలో ఉప్పు ఉంటుంది, అది అంటుకుంటే లోహం మెల్లగా పాడవుతుంది. వెలుతురు ఎక్కువైతే పాత బట్టలూ బొమ్మలూ రంగు వెలిసిపోతాయి, అందుకే కొన్ని గదులు మసకగా ఉంచుతారు. ఇది ముందే తెలిస్తే బాబు చీకటి చూసి బెదరడు. తినేవి లోపల తెరవకు. నేలమీద పడ్డ తునకలకు పురుగులు చేరతాయి, అవి అక్కడి బట్టల్నీ కాగితాల్నీ కొరికేస్తాయి. కారణం తెలిసిన పిల్లలు కాపలావాళ్లలా మారిపోతారు, చూస్తావుగా.

అస్థిపంజరమో, బొమ్మలా నిలబెట్టిన జంతువో ఉంటే "ఇది చచ్చిపోయిందా?" అని తప్పకుండా అడుగుతారు. మాట దాటెయ్యకు. "అవును, చాలాకాలం క్రితం చనిపోయింది, ఇప్పుడు దీనికి నొప్పి ఉండదు" అని నెమ్మదిగా చెప్పు. బాబు భయపడితే బలవంతంగా దగ్గరికి తీసుకెళ్లొద్దు, వెంటనే పక్క గదికి వెళ్లిపోండి. మళ్లీ వెళ్లినప్పుడు వాడే చూపించమంటాడేమో.

వెళ్లగానే బాత్రూమ్ ఎక్కడుందో చూసుకో. పెద్ద బ్యాగులు చాలాచోట్ల బయటే పెట్టమంటారు, చిన్న సంచీ చాలు.

అన్నిటికంటే ముఖ్యం, వాళ్లు ఇంకా నవ్వుతూ ఉండగానే బయటికి వచ్చెయ్యండి. ఏడుపుతో బయటపడితే మళ్లీ రమ్మన్నా రారు. ముప్పావుగంటకే వచ్చేసినా డబ్బులు దండగైనట్టు కాదు.

ఇంటికొచ్చాక ఏం నేర్చుకున్నారని పరీక్ష పెట్టొద్దు, మీ ఆయనకీ చెప్పు. కాగితం, రంగులు ఇచ్చి ఊరుకో. బాబు కుండ వదిలేసి అక్కడి లిఫ్టు బొమ్మ వేసినా సరే, దాని గురించే చెప్పమను.

ఆశీస్సులతో,
మీ పెద్దమ్మ