‘బంతి’ ఏ శబ్దంతో మొదలవుతుంది?

ప్రశ్న: మా బాబుకి నాలుగున్నరేళ్లు. అ నుంచి ఱ దాకా, ఏ నుంచి జెడ్ దాకా ఒక్క గుక్కలో అప్పచెప్పేస్తాడు. కానీ "బంతి ఏ శబ్దంతో మొదలవుతుంది నాన్నా?" అని అడిగితే "ఆడుకోవడంతో" అంటాడు. నాకు చాలా టెన్షన్‌గా ఉంది. రోజూ ఇంకో పేజీ ఎక్కువ రాయించమంటారా?

జవాబు: కంగారుపడకండమ్మా, రాయించడం మాత్రం పెంచొద్దు. మీరు మాట గురించి అడిగారు, వాడు వస్తువు గురించి చెప్పాడు, అంతే. ఈ వయసు పిల్లలకి మాట అంటే ఆ వస్తువే. మాటకి విడిగా ఒక చప్పుడు ఉంటుందని, దానికి మొదలూ చివరా ఉంటాయని ఎవరైనా ఆడించి చూపిస్తేనే తడుతుంది. కావాలంటే "రైలు, సీతాకోకచిలుక, ఈ రెండిట్లో ఏ మాట పొడుగు?" అని అడిగి చూడండి, చాలామంది పిల్లలు రైలే అంటారు. అప్పుడు ఇద్దరూ కలిసి చప్పట్లు కొట్టండి. రై-లు రెండు, సీ-తా-కో-క-చి-లు-క ఏడు. మాటని మాటగా వినడం అక్కడ మొదలవుతుంది. అక్షరాలు అప్పచెప్పడం వేరే సంగతి, అది పాట నోటికొచ్చినట్టు వచ్చేస్తుంది, దాన్ని చూసి శబ్దాలు కూడా తెలుసని మనం అనుకుంటాం.

తర్వాత "మబ్బు, మట్టి, కప్ప, వీటిలో వేరేగా మొదలయ్యేది ఏది?" లాంటి ఆటలు ఆడించండి. పలకా పుస్తకం అక్కర్లేదు, చెవి చాలు. అయితే ఒక్క విషయం, ఇది చాలామంది గమనించరు: మొదట్లోనే మేక, మూట, మొక్క కలిపేసి "అన్నీ మ కదా" అనకండి. మనకి గుణింతం వచ్చు కాబట్టి అన్నీ మ. వాడికి వినపడేది మే, మూ, మొ. "కాదు, వేరు" అన్నాడంటే వాడి చెవి చక్కగా పనిచేస్తున్నట్టే. ఆ మూడిట్లోనూ ఒకేలా ఉండేది పెదాల కదలిక. అద్దం ముందు కూర్చోబెట్టి మే…క, మూ…ట, మొ…క్క అని నెమ్మదిగా అనిపించండి, ప్రతిసారీ ముందు రెండు పెదాలూ కలుసుకుంటాయి. తాత, తీగ, తేలు అంటే పెదాలు కలవవు, నాలుక పళ్లకి తగులుతుంది. కళ్లతో చూడగలిగేది కాబట్టి పిల్లలు దీన్ని తొందరగా పట్టుకుంటారు.

వాడి పేరులోని మొదటి శబ్దంతో మొదలుపెడితే ఇంకా మంచిది. జవాబు తప్పితే "తప్పు" అనకుండా "అవును, బంతితో ఆడుకుంటాం, ఇప్పుడు చప్పుడు విను, బ… బంతి, బ… బల్ల" అంటూ సాగిపోండి. ఐదు నిమిషాలు చాలు, వాడికి విసుగు రాకముందే ఆపేయండి. ణ, ళ ఈ ఆటలోకి తేవొద్దు, వాటితో మన మాటలు మొదలుకావు. చార్టుల్లో వీణ, తాళం బొమ్మలు వేసేది అందుకే.

ప్రశ్న: బడిలో మా పాపకి బ్, క్ అని శబ్దాలు నేర్పుతున్నారు. మేం ఇంట్లో బి ఫర్ బాల్ అంటున్నాం. ఏది మానాలి?

జవాబు: ఇంగ్లీషులో అక్షరం పేరు వేరు, శబ్దం వేరు. డబుల్యూ అనే పేరు మొదట్లో దాని శబ్దమే లేదు చూడండి. చదవడానికి పనికొచ్చేది శబ్దం కాబట్టి కొన్నాళ్లు బడి దారిలోనే వెళ్లండి, పేర్లు ఎక్కడికీ పోవు. కాకపోతే మన నోటికి హల్లు వెనకే ‘అ’ వచ్చేస్తుంది. బ, అ, ట అని ఎన్నిసార్లు కలిపినా బ్యాట్ రాదు, బ్ అని తుంచి పలకాలి. అది కష్టంగా ఉంటే సాగదీయగలిగే మ్, స్, ఫ్, న్‌లతో మొదలుపెట్టండి. ‘స్‌స్‌స్‌…సన్’ అని ఎంతసేపైనా లాగొచ్చు, బ్, ట్, క్‌లని అలా లాగలేం.

చార్టు కొనేముందు బొమ్మలు కూడా చూసుకోండి. ఐ దగ్గర ఐస్, ఓ దగ్గర ఔల్, ఎస్ దగ్గర షిప్, జి దగ్గర జిరాఫ్ ఉంటే పిల్లలకి తికమకే. ఇంక్, ఆక్స్, సన్, గోట్ నయం. ఎక్స్‌కి జైలోఫోన్ అసలే వద్దు, ఆ మాట మొదట్లో వినపడేది జెడ్ శబ్దం. ఎక్స్‌ని బాక్స్, ఫాక్స్ లాంటి మాటల చివర వినిపించండి.

ప్రశ్న: మా మనవరాలికి ఐదు దాటాయి. ప, బ తేడా పట్టుకోలేకపోతోంది. పిలిస్తే ఒక్కోసారి పలకదు, టీవీ సౌండ్ పెంచమంటుంది. ధ్యాస లేదనుకోవాలా?

జవాబు: అలా అనుకోకండి బాబాయిగారూ, ముందు ఈఎన్‌టీ డాక్టరుకి చూపించి వినికిడి పరీక్ష చేయించండి. తరచూ జలుబు చేసే పిల్లల్లో కర్ణభేరి వెనక నీరు చేరి కొన్నాళ్లు వినికిడి తగ్గుతూ ఉంటుంది. నొప్పి లేకపోతే ఇంట్లో ఎవరికీ తెలియదు. అచ్చులు వినపడతాయి, మెల్లగా పలికే హల్లులు జారిపోతాయి. అలాంటి పిల్లని ధ్యాస లేదని కోప్పడితే పాపం ఏం చేస్తుంది? చెవులు బాగానే ఉన్నాయంటే అప్పుడు ఆట మార్చండి. ప, బ రెండూ పెదాలతో పలికేవే, చాలా దగ్గరి శబ్దాలు, ఒకేసారి నేర్పొద్దు. ప పక్కన స, క లాంటివి పెట్టి ఆడించండి, ప బాగా స్థిరపడ్డాకే బ తీసుకురండి.