చచ్చుబడటమా, చనిపోవడమా?

సందేహం: "మెదడుకు రక్తహీనత వచ్చి కణాలు చచ్చుబడతాయి" అని ఒక ఆరోగ్య వ్యాసంలో చదివాను. "చనిపోతాయి" అనాలి కదండీ? – ఒక పాఠకుడు, దర్శి

సమాధానం: చచ్చుబడతాయి అనడంలో తప్పులేదండీ. నా అభ్యంతరమల్లా దానికి ముందున్న "రక్తహీనత" మీద. ఒంట్లో నెత్తురు పలచబడి హిమోగ్లోబిన్ తగ్గితే రక్తహీనత అంటాం. మెదడుకెళ్లే నాళం పూడుకుపోతే ఒంటినిండా మంచి నెత్తురున్నా అక్కడికి చేరదు. డాక్టర్లు దీన్ని ఇస్కీమియా అంటారు, నెత్తుటిని ఆపడమని ఆ గ్రీకు మాటకు అర్థం. సాగర్ కాలువలో నీళ్లు పారుతున్నా చివరి ఆయకట్టుకు "అందలా" అంటారు మీ వైపు రైతులు. ఆ మాటే ఇక్కడా సరిపోతుంది: రక్తం అందక.

ఇక చచ్చుబడటం. చచ్చు సలహా అంటే పస లేని సలహా. చచ్చుబడిన చెయ్యి కూడా అంతే, పస పోయింది గానీ ప్రాణం ఉంది. మెదడు కణాలకూ సరిగ్గా ఈ దశ ఉంది. 100 గ్రాముల మెదడుకు నిమిషానికి సుమారు 50 మిల్లీలీటర్ల రక్తం అందాలి. అది 20 లోపుకు పడితే కణం సంకేతాలు పంపడం మానేస్తుంది, బతికే ఉంటుంది. త్వరగా రక్తం అందితే తేరుకుంటుంది. 10 లోపుకు దిగితే సోడియాన్ని బయటికి తోడే పంపులకు శక్తి చాలదు. గ్లుటమేట్ అనే రసాయనం పొర్లుకొచ్చి చుట్టుపక్కల కణాల ద్వారాలు తెరుస్తుంది, వాటిగుండా కాల్షియం లోపలికి దూకుతుంది, కణంలోని ఎంజైములే కణాన్ని కరిగించేస్తాయి. ఇది చావు.

నెల్లూరులో మా మేనత్త ఒక పొద్దున కారందోసె తిప్పబోతుంటే అట్లకాడ జారిపోయింది. మూతి ఓ పక్కకు లాగుతుండగా "చెయ్యి చచ్చుబడింది అబ్బయా" అంది. గంటలోపే ఆసుపత్రికి చేర్చాం. నెల తిరక్కముందే అదే చేత్తో అట్లకాడ పట్టింది. అప్పట్నుంచీ ఆ మాటంటే నాకు గౌరవం.

మా మేనత్తకు వచ్చింది పక్షవాతమే. ఆ మాటలో పక్షం అంటే ఒంట్లో ఒక పక్క. ఆ పేరులో మెదడు ఊసే లేదు. అయినా వాడుకలో స్థిరపడింది, మార్చక్కర్లేదు.

"చనిపోతాయి" అని మొదటే రాస్తే ఇంట్లోవాళ్లు ఇంకేం మిగిలిందని ఆగిపోయే ప్రమాదం ఉంది. నేనైతే ఆ వాక్యాన్ని ఇలా రాస్తాను: "మెదడుకు రక్తం అందక కణాలు ముందు చచ్చుబడతాయి, ఆలస్యమైతే చనిపోతాయి."