కొడుకు కంపెనీ నాన్న అఫిడవిట్‌లో ఎందుకు కనబడదు?

ప్రశ్న: సార్, నాకు వరంగల్ ఏనుమాముల మార్కెట్‌లో మిర్చి అడ్తి ఉంది. మొన్న చాయ్ దగ్గర పెద్ద పంచాయితీ అయింది. ఒక లీడర్ అఫిడవిట్‌లో సొంత కారు కూడా లేదట, కొడుక్కేమో బయటి దేశాల్లో, పన్ను లేని ఏవో దీవుల్లో కంపెనీలట. ఇదెట్ల కుదురుతది? అసలు ఆ దీవుల్లో కంపెనీ పెట్టుడే నేరమా?

జవాబు: చక్కగా కుదురుతుంది. నామినేషన్‌తో ఇచ్చే ఫారం 26లో అభ్యర్థి, భార్య లేదా భర్త, ఉమ్మడి కుటుంబం, తమ మీద ఆధారపడ్డవాళ్ల ఆస్తులే రాయాలి. 2019 నుంచి విదేశీ ఆస్తులూ రాయమన్నారు గానీ, అవీ వీళ్లవే. సొంత సంపాదన ఉన్న కొడుకు 'ఆధారపడ్డవాడు' కాడు, కాబట్టి ఆ కాగితంలో వాడి ఊసే ఉండదు. కథంతా ఆ ఒక్క మాటలోనే ఉంది.

కంపెనీ పెట్టడం మాత్రం నేరం కాదు, దాచడం నేరం. 2015 నల్లధనం చట్టం ప్రకారం దాచిన విదేశీ ఆస్తి మీద 30 శాతం పన్ను, ఆ పన్నుకు మూడింతలు జరిమానా, అంటే ఆస్తి విలువ కంటే ఎక్కువే కట్టాలి. కావాలని ఎగ్గొట్టినట్టు తేలితే 3 నుంచి 10 ఏళ్ల జైలు.

డబ్బు ఎట్లా దాటుతుందంటారా, మీ మిర్చితోనే చెప్తా. క్వింటాలుకు 20 వేలు పలికే సరుకును దుబాయ్‌లో తమ సొంత కంపెనీకే 15 వేలకు అమ్మినట్టు బిల్లు రాస్తారు, ఆ కంపెనీ దాన్ని అసలు రేటుకు ఇంకో దేశానికి అమ్ముతుంది, మధ్యలో 5 వేలు బయటే ఆగిపోతాయి. అక్కడి నుంచి కంపెనీ ఆదాయం మీద పన్నే లేని బ్రిటిష్ వర్జిన్ దీవుల్లో ఓ కంపెనీకి చేరుస్తారు. తక్‌పట్టీలో (రైతుకిచ్చే లెక్క చీటీలో) ఒక రేటు, బిల్లులో ఒక రేటు, మీకు నేను చెప్పాలా!

2016లో పనామా పత్రాలు (పనామాలోని ఒక లా సంస్థ నుంచి లీకైన, విదేశీ కంపెనీల రహస్య కాగితాలు) బయటపడ్డప్పుడు పాకిస్తాన్ ప్రధాని నవాజ్ షరీఫ్ పిల్లల పేర్లు వచ్చాయి, లండన్ ఫ్లాట్లు ఆ దీవుల కంపెనీల పేరున ఉన్నాయి. 2006 తేదీ వేసి కోర్టుకిచ్చిన ఒక పత్రం కాలిబ్రి అనే కంప్యూటర్ ఫాంట్‌లో ఉంది, ఆ ఫాంట్ జనంలోకి వచ్చిందేమో 2007లో! చివరికి 2017 జులైలో ఆయన పదవి పోయింది మాత్రం కొడుకు దుబాయ్ కంపెనీ నుంచి రావాల్సిన జీతం నామినేషన్‌లో చూపలేదని. ఫ్లాట్ల కేసులో శిక్ష పడినా, 2023లో నిర్దోషి అన్నారు.

ప్రశ్న: మా అబ్బాయి పన్నెండేళ్లుగా దుబాయ్‌లో పని చేస్తున్నాడు, అక్కడ బ్యాంకు ఖాతా ఉంది. నల్లధనం కేసు పెడతారని ఎవరో భయపెట్టారు, నిద్ర పట్టట్లేదు. (జగిత్యాల)

జవాబు: అమ్మా, టెన్షన్ వద్దు. ఎన్నారైగా ఉన్నన్ని రోజులు ఆ ఖాతా ఇక్కడ చూపక్కర్లేదు. తిరిగొచ్చాక రెండు మూడేళ్లకు పన్ను లెక్కల్లో పూర్తి స్థాయి రెసిడెంట్ అవుతాడు, అప్పుడు ఆదాయపన్ను రిటర్న్‌లో విదేశీ ఆస్తుల పట్టికలో రాయాలి. చూపకపోతే 10 లక్షల జరిమానా ఉంది గానీ, ఇల్లు, జాగా కాకుండా మిగతా ఆస్తులన్నీ కలిపి 20 లక్షలు దాటకపోతే 2024 అక్టోబర్ నుంచి అది వెయ్యరు. జీతం స్లిప్పులు మాత్రం పారెయ్యొద్దని చెప్పండి.