పీచు లెక్క తర్వాత, ముందు ఆ రక్తం సంగతి చూడండి

ప్రశ్న: వయసు 56. థైరాయిడ్ తక్కువని మాత్ర వేసుకుంటున్నాను. మూడు నెలలుగా మోషన్ సరిగా అవ్వట్లేదు. పెక్టిన్ అనే పీచు పొడి తెప్పించుకుని పొద్దున్నే మాత్రతో పాటే తాగుతున్నాను. అప్పుడప్పుడు రక్తం పడుతోంది, మొలలే అనుకుంటున్నా. నాలుగు కిలోలు తగ్గాను. జామకాయలో పీచు ఒక పట్టికలో ఐదు గ్రాములు, ఇంకోదాంట్లో ఎనిమిదిన్నర అని ఉంది. ఏది నమ్మాలి?

జవాబు: ఎనిమిదిన్నర నమ్మండి. తేడా ఎక్కువగా కొలిచే పద్ధతిలోనే ఉంది. పాత పద్ధతిలో యాసిడ్‌లో, తర్వాత క్షారంలో మరిగించి మిగిలిన పిప్పిని తూచేవాళ్లు, పెక్టిన్ కరిగే పీచు కాబట్టి ఆ నీళ్లతోనే పోయేది. ఇప్పుడు ఎంజైములతో పిండిపదార్థాన్నీ ప్రోటీన్‌నీ అరిగించి, మిగిలిన ద్రవానికి నాలుగింతలు ఆల్కహాల్ పోస్తారు. అంతవరకు కంటికి కనిపించని పెక్టిన్ జిగురు ముద్దలా విడిపడుతుంది, దాన్నీ కలిపి తూస్తారు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2017 పట్టికల్లో కరిగే పీచు, కరగనిది విడివిడిగా ఉంటాయి.

సరే, అది పక్కన పెట్టండి. నన్ను కంగారు పెట్టింది మీరు మధ్యలో ఒక్క మాటగా రాసిన రక్తం. థైరాయిడ్ తక్కువైతే మలబద్ధకం రావచ్చు గానీ బరువు సాధారణంగా పెరుగుతుంది, మీరేమో తగ్గారు. యాభై దాటాక కొత్తగా మోషన్ తీరు మారి, రక్తం పడి, బరువు కూడా తగ్గితే చూడకుండా మొలలని ఎవరూ తేల్చలేరు, నేను కూడా. మొలలే కావచ్చు, కానీ పెద్దపేగు క్యాన్సర్ కాదని తేలాలి. మొలల ఆయింట్‌మెంట్ రాసుకుంటూ ఆరు నెలలు గడిపేసి వచ్చేవాళ్లను చూస్తుంటాను, సిగ్గుపడి ఇంట్లో కూడా చెప్పరు. మూడు నెలలు ఎందుకు ఆగారండీ?

ఈ వారంలోనే గ్యాస్ట్రో డాక్టర్‌ని కలవండి. మలద్వారంలో వేలితో పరీక్ష, హిమోగ్లోబిన్, టీఎస్‌హెచ్ (థైరాయిడ్ రక్తపరీక్ష) చేస్తారు, కొలనోస్కోపీ, అంటే కెమెరా గొట్టంతో పెద్దపేగు లోపల చూసే పరీక్ష, బహుశా అవసరమవుతుంది, భయపడకండి, మత్తు ఇచ్చి చేయించుకోవచ్చు. పొడి అప్పటిదాకా ఆపండి. పేగులో ఎక్కడైనా ఇరుకు ఉంటే పీచు పొడి అక్కడ అడ్డుపడొచ్చు. పైగా మాత్రతో కలిపి తాగితే మందు ఒంటికి సరిగా పట్టకపోవచ్చు, తర్వాత ఎప్పుడైనా డాక్టర్ మళ్లీ వాడమంటే నాలుగు గంటల ఎడం ఉంచి, నీళ్లు బాగా తాగండి. థైరాయిడ్ మాత్ర మాత్రం మానొద్దు. కడుపు ఉబ్బి, వాంతులై, గ్యాస్ కూడా పోకపోతే అపాయింట్‌మెంట్ కోసం చూడకుండా ఎమర్జెన్సీకి వెళ్లండి. వెళ్లేటప్పుడు ఆ పొడి డబ్బా కూడా తీసుకెళ్లి చూపించండి.